వేరు బల్ల

సవిల్లాకు కోడలంటే పడదు. ఈ ముక్క లోయలో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. ఓర్ఫా పిండి పిసికే తీరు ఆమెకు నచ్చదు. బట్టలు ఆరేసే తీరు నచ్చదు. నవ్వితే పళ్ళన్నీ కనబడతాయని ఆ నవ్వూ నచ్చదు. ఓర్ఫా మాత్రం తక్కువ తిందా? అత్త ఒకటంటే రెండు తగిలించేది. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని పెద్దలు ఊరికే అనలేదు. ఇద్దరి మధ్యా యోస్ట్ అనే మగమనిషి ఒకడున్నాడు. ఒకరికి కొడుకు, ఇంకొకరికి మొగుడు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం అన్నట్టుంది అతని బతుకు. అందుకే పెళ్ళయిన నాటినుంచీ ఎక్కువ కాలం ఆవుల కొట్టంలోనే గడిపేస్తున్నాడు.

అలాంటి సవిల్లా ఆ అక్టోబరులో కోడలి కోసం సంఘం మొత్తానికి అడ్డం తిరిగిందంటే ఎవరూ నమ్మలేదు. ముందు సవిల్లాయే నమ్మలేదు.

గొడవ మొదలైంది ఫిబ్రవరిలో, రోడ్లన్నీ మంచుగడ్డ కట్టిన రోజున. వాళ్ళ పొలం పక్కనే వేన్ కాబ్ అని ఒక ముసలాయన ఒంటరిగా ఉంటాడు. మనలా కార్లూ కరెంటూ లేకుండా పాతకట్టుతో బతికే ఆమిష్ క్రైస్తవుడు కాదు, ఇంగ్లీషువాడు. ఆమిష్ కానివాళ్ళెవరైనా లోయలో ఇంగ్లీషువాళ్ళ కిందే లెక్క. ఓర్ఫా గుడ్లు ఇద్దామని వెళ్ళేసరికి ఆయన కొట్టంలో నేలమీద పడి గుండె పట్టుకుని మూలుగుతున్నాడు. ఆయన ఫోనుతోనే అంబులెన్సును పిలిచింది. వంతెన మీద లారీ అడ్డం తిరిగింది, చుట్టూ తిరిగి రావాలి, ఆలస్యమవుతుందన్నారు. ఆస్పత్రి చూస్తే వంతెనకు ఇటువైపే ఉంది. వాకిట్లో ఆయన పికప్పు బండి ఉంది, తాళంచెవి దానికే ఉంది.

ఓర్ఫాకు బండి నడపడం వచ్చు. బాప్తిస్మం తీసుకోకముందు, కుర్రతనంలో, మన పిల్లలందరిలాగే తనూ కొన్నాళ్ళు లోకం చూసింది. అప్పుడు నేర్చుకున్న విద్య. ముసలాయన్ని చంకల కింద చేతులేసి ఈడ్చి బండిలో కూలేసింది. నెత్తిన తెల్ల టోపీ, ఒంటిమీద నల్ల శాలువా, చేతిలో స్టీరింగు. శనివారం సంతకొచ్చిన జనమంతా చూస్తుండగా పట్టణం నడిబజార్లోంచి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టర్లు చెప్పారట.

మనం కారెక్కొచ్చు, నడపకూడదు, కొనకూడదు. అది సంఘం కట్టు. అయినా ప్రాణం మీదికొచ్చిన సంగతి కాబట్టి బిషప్పు ఎమాన్యుయేల్ దాన్ని పెద్దది చెయ్యలేదు. సంఘం ముందు మోకాళ్ళూని, "తప్పు చేశాను, ఇకమీదట చెయ్యను" అంటే చాలన్నాడు. రెండే రెండు ముక్కలు.

ఓర్ఫా మోకాళ్ళూనింది. సంఘం కట్టు దాటినందుకు క్షమించమని అందర్నీ అడిగింది. రెండో ముక్క దగ్గర ఆగిపోయింది.

"వేన్ రేపు మళ్ళీ పడితే మళ్ళీ నడుపుతాను. ఇక చెయ్యనని దేవుడి ముందు ఎలా అనమంటారు?" అంది.

రెండు నెలలు నచ్చజెప్పారు. గడువిచ్చారు. మళ్ళీ అడిగారు. ఆమె అదే మాట అంది. ఏప్రిల్లో వెలివేశారు.

ఆ సమయానికి సవిల్లా ఇంట్లో లేదు. కూతురి పురుడుకని పక్క జిల్లాకు వెళ్ళి, బాలింత జబ్బుపడటంతో మే నెలాఖరు దాకా అక్కడే ఉండిపోయింది. తిరిగొచ్చి వంటింట్లోకి అడుగుపెడితే ఒక బల్ల ఉండాల్సిన చోట రెండున్నాయి. పెద్ద బల్ల ఎప్పటి చోటనే ఉంది. కిటికీ కింద చిన్న బల్ల వేసుంది. దానిమీద ఒక కంచం, ఒక గ్లాసు.

"ఇదేమిట్రా?" అని కొడుకునడిగింది.

"సంఘం నిర్ణయం, అమ్మా."

"నిన్నడిగారా?"

"అందర్నీ అడిగారు. అందరూ ఊఁ అన్నారు. నేనూ ఊఁ అన్నాను."

"నీ పెళ్ళాన్ని వెలివేస్తుంటే నువ్వు ఊఁ అన్నావా?"

"మరేం చెయ్యమంటావ్?" అని యోస్ట్ టోపీ తీసుకుని కొట్టంలోకి పోయాడు.

వెలి అంటే మాటా మంతీ మానెయ్యడం కాదు. మాట్లాడొచ్చు, కలిసి పనిచెయ్యొచ్చు. కానీ బాప్తిస్మం పొందినవాళ్ళెవరూ ఆ మనిషితో ఒక బల్ల దగ్గర తినకూడదు. ఆ మనిషి చేతిలోంచి ఏదీ అందుకోకూడదు. వండేది ఓర్ఫాయే, వడ్డించేదీ ఓర్ఫాయే. గిన్నె తెచ్చి బల్లమీద పెట్టి చెయ్యి తీసేస్తే అప్పుడు వీళ్ళు ముట్టుకోవాలి. చిన్నపిల్లలకు ఈ నియమం లేదు, వాళ్ళింకా సంఘంలో చేరలేదు గదా. కాబట్టి ఓర్ఫా ఆడపిల్లలిద్దరూ ఒకపూట తల్లి దగ్గరా ఒకపూట తండ్రి దగ్గరా తినేవాళ్ళు.

మొదట్లో సవిల్లాకు లోలోపల కాస్త సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు. మొండిఘటానికి బాగా శాస్తి అయింది, నాలుగు రోజులు ఒంటరిగా తింటే తనే దారికొస్తుంది అనుకుంది. నాలుగు రోజులు కాస్తా నాలుగు వారాలయ్యాయి. ఓర్ఫా దారికి రాలేదు సరిగదా, అసలు ఆ పాత ఓర్ఫాయే కనబడకుండా పోయింది. సవిల్లా కావాలనే బఠాణీ పులుసు బాగాలేదంది. "అవునత్తయ్యా, రేపు జాగ్రత్తగా చేస్తాను" అంది ఓర్ఫా. పిల్లల జడలు వంకరగా ఉన్నాయంది. "మళ్ళీ వేస్తానత్తయ్యా" అంది.  అది కోడలి మాటేనా? నోరు చేసుకోవడానికి ఎదురుగా మనిషి లేకుండా పోవడం ఎంత దరిద్రమో ఆ వేసవిలో తెలిసొచ్చింది ఆమెకు.

ఆగస్టులో టమాటాలు సీసాల్లో పెడుతున్నారు. పొయ్యి సెగకు సవిల్లాకు కళ్ళు తిరిగి బెంచీమీద కూలబడింది. ఓర్ఫా పరుగున వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఇవ్వబోయి ఆగింది. గ్లాసు పక్కనున్న స్టూలు మీద పెట్టి, రెండు చేతులూ ఏప్రన్లో చుట్టుకుని నిలబడింది.

"తీసుకోండి అత్తయ్యా. నా చేత్తో ఇస్తే మీకు తప్పు" అంది.

సవిల్లా చెయ్యి చాచింది. వేళ్ళు తగిలి గ్లాసు దొర్లి నీళ్ళన్నీ నేలపాలయ్యాయి. పక్కనే నిలబడ్డ కోడలు సాయం పట్టలేదు, పట్టమని అత్త అడగలేదు.  సవిల్లాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఎవరిమీదో తేల్చుకోవడానికి మాత్రం ఆమెకు అక్టోబరు దాకా పట్టింది.

ఏడాదికి రెండుసార్లు ప్రభువు బల్ల జరుగుతుంది. ఒకే రొట్టె విరిచి, ఒకే గిన్నెలోంచి తాగి, ఒకరి కాళ్ళు ఒకరు కడుగుతారు. దానికి రెండు వారాల ముందు ఒక కూడిక ఉంటుంది. ఎవరి మనసులో ఏ కల్మషం ఉన్నా ఆ రోజే తేల్చుకోవాలి. మనకు వేరే గుడి ఉండదు, ఇళ్ళలోనో కొట్టాల్లోనో వంతులవారీగా కూడతాం. ఆ శరత్కాలం కూడిక లాప్ వాళ్ళ కొట్టంలో పెట్టారు. వెలిలో ఉన్న ఓర్ఫా తలుపు దగ్గర వేరే కుర్చీలో కూర్చుని, ప్రసంగాలయ్యాక లేచి బయటికెళ్ళిపోయింది. తర్వాత బిషప్పుకు సాయంగా ఉండే డీకన్ ఏమస్ వరుసల వెంట నడుస్తూ ఒక్కొక్కరి దగ్గరా వంగి అడగడం మొదలెట్టాడు. దేవుడితో, సంఘంతో సమాధానంగా, మనసులో ఏ తగవూ లేకుండా ఉన్నారా, బల్లకు రావడానికి ఒప్పుకుంటారా అని. ఒప్పుకుంటున్నాను అనాలి. ఒక్క గొంతు కాదన్నా బల్ల జరగదు. ఈ నియమం అందరికీ తెలుసు గానీ, కాదన్నవాళ్ళను ఎవరూ కళ్ళతో చూడలేదు.

ఆడవాళ్ళలో ముందు వరుస ముసలివాళ్ళది. ఏమస్ సవిల్లా దగ్గర వంగాడు.

"లేదు" అంది సవిల్లా.

ఏమస్ ఇంకాస్త వంగాడు.

"వినబడలేదా ఏమస్? లేదన్నాను. నా మనసుకు సమాధానం లేదు. మా ఇంట్లో రెండు బల్లలు పెట్టుకుని, ఇక్కడికొచ్చి మనందరిదీ ఒకటే బల్ల అని ఏ మొహం పెట్టుకుని అనను?"

 మగవాళ్ళ వరుసలో యోస్ట్ తల మోకాళ్ళ మధ్యకు దిగిపోయింది. బిషప్పు ఎమాన్యుయేల్ లేచి, బల్ల వాయిదా పడిందనీ, మళ్ళీ రెండు వారాలకు కూడుకుందామనీ చెప్పి కూర్చున్నాడు.

ఇక చూడండి, చెవుల్లో జోరీగలు. బల్ల జరిగితే తప్ప పెళ్ళిళ్ళు ప్రకటించరు. ఎవరింట్లో పెళ్ళుందో ముందుగా చెప్పకూడదు, అది గుట్టు. అయితే పెళ్ళివిందులో సెలెరీ కాడల కూర లేకపోతే కుదరదు కాబట్టి, జూలైలో ఎవరి పెరట్లో తొంగిచూసినా గుట్టు రట్టవుతుంది. ఆ ఏడు బిషప్పు గారి పెరట్లో సెలెరీ తప్ప గడ్డిపోచ కూడా లేదు. ఆయన కూతురు మ్యాటీ పెళ్ళి. పిలుపులు పెదవి చివరిదాకా వచ్చి ఆగిపోయాయి.

బొంతలు కుట్టే చోట ఏమస్ పెళ్ళాం దారం సూదిలోకి ఎక్కిస్తూ అంది:

"సవిల్లా పెద్దమ్మా, బిషప్పు గారి సెలెరీ కుళ్ళిపోయేలా ఉందట."

"ఉప్పులో ఊరబెట్టుకోమను."

"నీ కోడలంటే నీకే పడదు గదా, ఇదేం పంతం?"

"పడదు. అది నా కోడలు, నేను పోట్లాడతాను. మీరెవరు మధ్యలో?" అంది సవిల్లా. 

వారం తిరక్కుండా ఎమాన్యుయేల్ తనే వచ్చాడు. చెడ్డవాడేం కాదు. చీటీ పడి బిషప్పయినవాడు. ఆ చీటీ తన పేరున తేలిన రోజున వెక్కి వెక్కి ఏడ్చిన మనిషి. సవిల్లా వాకిట్లో ఆపిళ్ళు తరుగుతూ ఉంది. అతను ఇంకో కత్తి తీసుకుని ఎదురుగా కూర్చుని తరగడం మొదలెట్టాడు.

"ఆ పిల్ల చేసింది దయే. నేను కాదన్నానా?" అన్నాడు. "కానీ ఇవాళ దయ కోసం బండెక్కితే రేపు సరుకుల కోసం ఎక్కుతారు. ఎల్లుండి మన కుర్రాళ్ళు ఆ బండ్లలోనే పట్నాలకు పోతారు. గట్టుకు ఒక్క బొరియ చాలు, వాగంతా చేలమీదికొస్తుంది. ఆ గట్టుకు నన్ను కాపలా పెట్టారు సవిల్లా. నాకు మాత్రం సరదానా?"

"ఎమాన్యుయేల్, నువ్వు పుట్టినప్పుడు నీకు నీళ్ళు పోసింది నేను. నాకు గట్ల సంగతి చెప్పకు. ఏ పనీ చెయ్యకూడని విశ్రాంతి దినాన కూడా గుంటలో పడ్డ ఎద్దును లాగొచ్చని ప్రభువు అన్నాడా లేదా?"

"అన్నాడు."

"లాగినవాణ్ణి మోకాళ్ళేసి, ఇంకెప్పుడూ ఎద్దును లాగనని ఒట్టు పెట్టమన్నాడా?"

ఎమాన్యుయేల్ ఆపిల్ తొక్క చాలా పొడుగ్గా తీశాడు. 

"నా కూతురు రోజూ ఏడుస్తోంది" అన్నాడు చివరికి.

"నా కోడలు ఏడవడం కూడా మానేసింది."

"నువ్విలా భీష్మించుకు కూర్చుంటే, నిన్ను కూడా వెలివెయ్యడం తప్ప నాకు దారి ఉండదు. ఈ వయసులో నీకది అవసరమా?"

సవిల్లా చేతిలో కత్తి ఆగింది. ఏదో ఆలోచించింది. ముడతల మొహం నిండా మెల్లగా నవ్వొచ్చింది.

"ఒక్క సంగతి చెప్పు. వెలిలో ఉన్నవాళ్ళు వెలిలో ఉన్నవాళ్ళతో కలిసి తినొచ్చా?"

ఎమాన్యుయేల్‌కు ఇలాంటి ప్రశ్న ఇంతకుముందు ఎవరూ వెయ్యలేదు.

"తినొచ్చనుకుంటా. వాళ్ళకిక నియమమేముంటుంది?"

"అయితే ఇంకేం నాయనా! కానివ్వు" అంది సవిల్లా, గిన్నె నిండా తరిగిన ముక్కలు అతని ముందుకు తోసి. "ఇవి మీ ఆవిడకివ్వు, పెళ్ళికి పనికొస్తాయి."

ఆ వచ్చిన సోమవారం బట్టల రోజు. తీగ దగ్గర ఓర్ఫా తడి దుప్పటి పిండుతూ, అత్త మొహం చూడకుండా అంది:

"నేను మోకాళ్ళేస్తానత్తయ్యా. ఇక చెయ్యనని చెప్పేస్తాను. ఒక్క అబద్ధం, అంతే గదా. మిమ్మల్ని ఈ వయసులో సంఘంలోంచి గెంటిస్తే నేను బతకలేను. మ్యాటీ ఏం పాపం చేసింది? మీ అబ్బాయి ఆ పెద్ద బల్ల దగ్గర తల దించుకుని తింటుంటే చూడలేకపోతున్నాను."

"నోర్మూయ్" అంది సవిల్లా. "నా కోసం అబద్ధమాడావంటే నీ చేతి నీళ్ళు కూడా తాగను."

"ఇప్పుడు తాగుతున్నట్టు!"

అనేసి ఓర్ఫా నాలిక్కరుచుకుంది. సవిల్లా బిత్తరపోయి చూసింది. ఎన్ని నెలలైందో ఆ ఎదురుమాట విని! పొట్ట పట్టుకుని నవ్వింది. తడి దుప్పటి మధ్యలో ఉండగా ఓర్ఫా కూడా నవ్వింది, పళ్ళన్నీ కనబడేట్టు.

"ఇదిగో, ఇది కావాలి నాకు" అంది సవిల్లా కళ్ళు తుడుచుకుంటూ. "నీ నోటిలో అబద్ధం పెట్టి నిన్ను వెనక్కి తెచ్చుకుంటే, వచ్చేది నువ్వు కాదే పిల్లా. 'అవునత్తయ్యా' అనే ఆ మనిషి వస్తుంది. దాంతో నేనేం చేసుకోను?"

రెండో కూడికలో ఏమస్ మళ్ళీ వంగి అడిగాడు. సవిల్లా మళ్ళీ లేదంది. ఈసారి లేచి నిలబడి మరీ అంది. ఎమాన్యుయేల్ ఆమెను బయటికెళ్ళమన్నాడు.  ఇక అడగాల్సింది ఆమె గురించి. వెలివెయ్యాలన్నా అంతే, ప్రతి ఒక్కరూ ఊఁ అనాలి.

కొట్టం వెనక ఎండలో ఓర్ఫా నిలబడి ఉంది. సవిల్లా వెళ్ళి పక్కన నిలబడింది. చెక్క గోడ సందుల్లోంచి లోపలి మాటలు వినబడుతున్నాయి. ఊఁ, ఊఁ, ఊఁ. కొన్ని గట్టిగా, కొన్ని వణుకుతూ. ఎవరో ఆడమనిషి ఏడుస్తూ ఊఁ అంది. సవిల్లా ప్రతి గొంతునూ గుర్తుపట్టింది. సగంమందిని చిన్నప్పుడు ఎత్తుకు తిప్పింది. అన్నీ భరించింది. కానీ ఏమస్ అడుగులు కొడుకు కూర్చునే బెంచీ దగ్గర ఆగినప్పుడు గోడకు చెయ్యి ఆనించుకుంది.

లోపల బెంచీ ఒకసారి కిర్రుమంది.

తర్వాత, "ఊఁ" అన్నాడు యోస్ట్.

 కన్నకొడుకు! సవిల్లా గొంతులోంచి బూతు ఒకటి పైకొచ్చింది, ఆదివారం, ప్రభువు దినం కదా అని మింగింది.

"వీడికా నేను పాలిచ్చి పెంచింది?"

"ఆయన్నేమీ అనకండి అత్తయ్యా" అంది ఓర్ఫా. ఆమె మొహం కూడా పాలిపోయి ఉంది. "ఆయనకు భయం. నలుగురిలో వేరుపడితే ఊపిరాడదు. నాకు తెలుసు."

"మొగుణ్ణి వెనకేసుకొచ్చింది చాల్లే. పద, ఆకలేస్తోంది."

ఆ మధ్యాహ్నం సవిల్లా తన కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్ళి కిటికీ కింద చిన్న బల్ల దగ్గర వేసుకుంది. ఓర్ఫా పులుసు గిన్నె తెచ్చింది. అలవాటుగా కింద పెట్టబోయింది.

"ఏయ్. ఇలా తే" అంది సవిల్లా.

ఓర్ఫా గిన్నె ఆమె చేతికిచ్చింది. ఇచ్చాక కూడా వెంటనే వదల్లేదు. అత్తాకోడళ్ళు ఒకే గిన్నె నాలుగు చేతులతో పట్టుకుని కాసేపు అలాగే ఉన్నారు.  సంఘం పోయింది, కొడుకు పోయాడు, అయినా ఇంత సంతోషం ఎక్కణ్ణుంచి వచ్చిందో సవిల్లాకే తెలియలేదు.

ఇప్పుడు పెద్ద బల్ల దగ్గర యోస్ట్ ఒక్కడే మిగిలాడు. పిల్లలిద్దరూ చిన్న బల్ల దగ్గరికే చేరారు.

"నాన్న ఒక్కడే ఎందుకు తింటున్నాడు నానమ్మా?" అంది చిన్నది.

"మీ నాన్న మంచివాడమ్మా. మంచివాళ్ళంతా ఆ బల్ల దగ్గరే తింటారు" అంది సవిల్లా, అతనికి వినబడేట్టు.

ఓర్ఫా బల్ల కింద అత్త కాలు తొక్కింది. యోస్ట్ చెంచా పెట్టేసి లేచిపోయాడు.

అడ్డు తొలగింది కాబట్టి ప్రభువు బల్ల జరిగింది. పెళ్ళి ప్రకటించారు. వెలివేసినవాళ్ళను పెళ్ళికి పిలవకూడదని ఎక్కడా లేదు, కాబట్టి నవంబరులో ఒక గురువారం సవిల్లా ఇంటిల్లిపాదీ బిషప్పు గారింటికి వెళ్ళారు. పాటలు, ప్రసంగాలు, ప్రమాణాలు అయ్యాక బెంచీలన్నీ తిప్పి బల్లలు చేశారు. గది చుట్టూ మూడు గోడల వెంట పొడుగాటి బల్లలు, మూలన పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ. జగ్గుల్లో పూలకు బదులు సెలెరీ కాడలు. నాలుగో గోడకు, వంటింటి తలుపు పక్కన, ఒక వేరు బల్ల. మ్యాటీ తల్లి దానిమీద కూడా మంచి గుడ్డే పరిచింది, అంతవరకు మెచ్చుకోవాలి.

సవిల్లా, ఓర్ఫా వెళ్ళి కూర్చున్నారు. గదిలోని వాళ్ళంతా వాళ్ళను తప్ప అన్నిటినీ చూస్తున్నారు.

ముందుగా వచ్చింది వేన్ కాబ్. ఇంగ్లీషువాడు, ఏ నియమమూ అంటదు. చేతికర్ర గోడకానించి, "ఇక్కడ చోటుందా తల్లీ? ఈ బల్ల దగ్గర నాకు తెలిసిన డ్రైవరుంది" అన్నాడు.

"నీ వల్లే ఇదంతా. కూర్చో" అంది సవిల్లా.

ఆయన వెనకే ఓర్ఫా పిల్లలు. వాళ్ళ వెనక, ఇంకా బాప్తిస్మం తీసుకోని కుర్రకారు. వాళ్ళను ఎవరూ ఆపలేరు, ఆపడానికి నియమం లేదు. పెళ్ళికూతురి తమ్ముళ్ళే ఇద్దరున్నారు.

"పిన్నీ, మంచుమీద బండి జారితే బ్రేకు వెయ్యాలా వద్దా?" అన్నాడు అందులో పెద్దవాడు.

"వేస్తే నేరుగా పరలోకానికే" అంది ఓర్ఫా. బల్ల బల్లంతా నవ్వులతో ఘొల్లుమంది. తల్లులు అటునుంచి కళ్ళెర్రజేశారు. ఎవడూ కదల్లేదు. బెంచీ చాలక ఇంకొకటి తెచ్చుకున్నారు.

వంటకాలు వచ్చాయి. కోడిమాంసం, రొట్టె కలిపి వేయించిన కూర, వెన్న కరిగించి పోసిన బంగాళదుంప ముద్ద, సెలెరీ. ఇక ప్రార్థన. ఎమాన్యుయేల్ తల వంచితే గదంతా తల వంచాలి. అతను నిలబడి చుట్టూ చూశాడు. అందరూ కూర్చున్నారు, ఒక్కడు తప్ప.

పెళ్ళయిన మగవాళ్ళ మధ్యలోంచి యోస్ట్ లేచి ఉన్నాడు. చేతిలో ఖాళీ కంచం ఉంది. వరుస లోంచి బయటికొచ్చి, గది మధ్యలో అంత ఖాళీ స్థలం దాటి, వంటింటి తలుపు వైపు నడిచాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. నలుగురిలో దగ్గడానికి కూడా సిగ్గుపడే మనిషి.

"యోస్ట్" అన్నాడు ఏమస్ కంగారుగా. "అటు కాదు. నీ చోటు ఇక్కడ."

యోస్ట్ ఆగాడు.

"ఆ బల్ల దగ్గర కూర్చున్నావంటే ఏమవుతుందో తెలుసుగా? రేపు నీ గురించి అడగాల్సి వస్తుంది" అన్నాడు ఏమస్, ఈసారి మెల్లగా, బతిమాలుతున్నట్టు.

"అడగండి" అన్నాడు యోస్ట్. గదంతా వినబడింది. "నా పెళ్ళాం గురించి అడిగారు, ఊఁ అన్నాను. మా అమ్మ గురించి అడిగారు, ఊఁ అన్నాను. ఇక నా దగ్గర ఊఁలు అయిపోయాయి ఏమస్."

  సవిల్లా బెంచీమీద పక్కకు జరిగి, తనకూ కోడలికీ మధ్య చోటు చేసింది. యోస్ట్ వచ్చి కూర్చున్నాడు.

అందరి కళ్ళూ ఎమాన్యుయేల్ మీద ఉన్నాయి. అతను ఆ బల్ల వైపు చూశాడు. యోస్ట్‌ను, తన కొడుకులిద్దర్నీ, ఫిబ్రవరిలోనే పోవాల్సిన ముసలాయన్ని చూశాడు. మూలన మ్యాటీ తండ్రినే చూస్తోంది. లే అని అతను యోస్ట్‌తో అనొచ్చు, అంటే లేచేవాడో కాదో ఎవరికీ తెలియదు. అతను అనలేదు. తల వంచాడు. అన్ని బల్లల దగ్గరా తలలు వంగాయి.

ప్రార్థన ముగిసింది. ఓర్ఫా బంగాళదుంపల గిన్నె ఎత్తింది. బల్లమీద పెట్టలేదు, మొగుడి ముందు అలాగే పట్టుకుంది. యోస్ట్ అందరూ చూస్తుండగా రెండు చేతులూ చాచి, ఆమె చేతుల్లోంచి అందుకున్నాడు.